కాలువకు దిగువ, కాలువకు ఎగువ

నల్లగొండ జిల్లాలోని హాలియా పెద్ద పట్టణము కాదు. 2018లో దానికి పురపాలకసంఘ మేర్పడినది. అంతవఱకు అది అనుముల మండలమునకు ముఖ్యస్థానమైన యొక గ్రామమే. అయినను పటమును ముందిడుకొని చూచినవారి కది సామాన్యమైన చోటుగ తోపదు. నకిరేకల్లున బయలుదేఱి నల్లగొండ మీదుగ నాగార్జునసాగరమునకును, అచ్చట కృష్ణను దాటి మాచర్లకును పోవు జాతీయ రహదారియు, మహబూబునగరము వైపునుండి వచ్చి మిర్యాలగూడ, హుజూరునగరముల మీదుగ కోదాడను జేరు జాతీయ రహదారియు ఇచ్చటనే కలిసికొనుచున్నవి. దేశములోని మహానిర్మాణములలో నొకటియైన నాగార్జునసాగర మిచ్చటికి గంట ప్రయాణమైనను లేదు. ఆ సాగరమున పుట్టిన యెడమకాలువ ఈ పరిసరములనుండియే తూర్పునకు సాగిపోవుచున్నది. నీరు, దారి, విద్యుత్తు అను మూడును చేతికందు దూరముననే యున్నవి. మఱి యీ సీమను వెనుకబడిన సీమయని నేటికిని ఏల చెప్పుకొనవలసి వచ్చుచున్నది? ఈ ప్రశ్నకు జవాబును ఆవేశము లేక వెదకుట మంచిది.

పంటకాలమున హాలియా కూడలియందు ఒక్క పూట నిలిచి చూచినచో ఆ జవాబులో సగము కన్నులకు గట్టును. తూర్పుగ మిర్యాలగూడ దారిని వడ్లు నింపిన ట్రాక్టర్లు బారులు తీఱి పోవుచుండును. పడమటనుండి వచ్చు బస్సులలో మెట్టయూళ్ల ప్రజలు, తండాల లంబాడీలు మూటలతో దిగి, కూలికై నగరమునకు పోవు వాహనములకొఱకు వేచియుందురు. ఒకరి సొమ్ము బయటికి పోవుచున్నది. మఱియొకరి కండ బయటికి పోవుచున్నది. ఈ రెండింటి నడుమ నున్న గీత యేదియన, ఎడమకాలువయే. కాలువకు దిగువ మాగాణి. కాలువకు ఎగువ చెలక. ఒకే మండలములో, ఒక్కొక్కచోట ఒకే గ్రామములో, ఈ గీతకు ఇరువైపుల రెండు వేఱు జీవితములు సాగుచున్నవి.

ఈ గీత యెట్లు పడినదో తెలిసికొనుటకు కొంత వెనుకకు పోవలయును. కృష్ణ యొక్కటే నది. బెజవాడయొద్ద దానికి ఆనకట్ట 1855లో పూర్తియైనది. డెల్టా రైతునకు నాటినుండి నీరు ముట్టినది. అదే నది నల్లగొండ జిల్లా దక్షిణపు టెల్లగా ప్రవహించుచున్నను, లోతైన లోయలో, కొండల నడుమ పాఱుటచే ఈ జిల్లా రైతు దానిని చూచుటయే కాని వాడుకొనుట లేదు. నిజాము పాలనయందు ఇచ్చటి సేద్యము చెఱువులమీదను, కుంటలమీదను, ఆకాశముమీదను ఆధారపడినది. నందికొండయొద్ద నదిని కట్టవలయునను ఆలోచన పాతదే యైనను, 1952లో ఖోస్లా సంఘము పరిశీలించిన పిదపగాని అది ఒడ్డున బడలేదు. ఆ కార్యమునకై ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదు చేసిన కృషి యందఱెఱిగినదే. 1955 డిసెంబరు 10వ తేదీన పండిత జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలెను. అనగా, ఒకే నది నీరు డెల్టాకు ముట్టిన 112 సంవత్సరములకు నల్లగొండ పొలములకు ముట్టినది. ఈ సంఖ్యను మఱచి యీ సీమ వెనుకబాటును గూర్చి మాటలాడుట న్యాయము కాదు.

నీరు వచ్చిన తరువాత కలిగిన మార్పు సామాన్యమైనది కాదు. లాల్ బహదూరు కాలువయని పేరు పెట్టబడిన ఎడమకాలువ క్రింద, ఖమ్మము, కృష్ణాజిల్లాల భూములతో గూడ, పది లక్షల ఎకరములకు పైబడిన ఆయకట్టు నిర్ణయింపబడినది. నిడమనూరు, త్రిపురారము, మిర్యాలగూడ, హుజూరునగరము, కోదాడ ప్రాంతములలో జొన్న, ఆముదము పండిన నేలలు వరిమళ్లయినవి. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు ఒకదానిప్రక్క నొకటి వెలసి, దేశమున నెన్నదగిన ధాన్యపు కేంద్రముగ నా పట్టణమును నిలిపినవి. వాడపల్లి, మట్టపల్లి, మేళ్లచెఱువు పరిసరములలో సున్నపురాతి గనులను ఆశ్రయించి సిమెంటు కర్మాగారములు లేచినవి. దామరచర్ల మండలము వీర్లపాలెమున నాలుగువేల మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రము నిర్మింపబడినది. అందొక భాగము 2024 డిసెంబరున ప్రారంభమైనది. ఇన్ని కలిగిన సీమను దరిద్రమైనదని యెవ్వరు నందురు? కాని సీమయంతటికిని సగటు తీసి చూచుట ప్రమాదకరము. సాగరపు నీటిమట్టము కొలుచుటకు సగటు పనికివచ్చును గాని, గుఱ్ఱంపోడు చెలకలోని బావి లోతును సగటు చెప్పజాలదు.

కాలువకు ఎగువనున్న భూముల సంగతి చూతము. జలాశయమునుండి కాలువనీరు తనంతట తాను వాలునబడి పాఱును. కాలువమట్టమునకు మీదనున్న భూమికి ఆ నీరెక్కదు; ఎత్తిపోయవలసినదే. పెద్దవూర, తిరుమలగిరి, గుఱ్ఱంపోడు, దేవరకొండ వైపు గ్రామములు, తండాలు అనేక మీ స్థితిలో నున్నవి. వీరిలో కొందఱు తమ గుట్ట యెక్కి చూచినచో సాగరపు నీలిజలము కన్నులయెదుట తళతళలాడును. కాని వారి చేనుకు నీరీయవలసినది బోరుబావియే. ఇది గట్టి నల్లఱాతి నేల. వాన నీ రందులోని పగుళ్ల మేరకే యిముడును. రైతు ఒక బోరు వేయును, ఎండును. రెండవది వేయును, ఎండును. మూడవది అప్పుతో వేయును. 2018 జనవరినుండి సేద్యమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు లభించినను, నేలలో లేని నీటిని విద్యుత్తు పుట్టింపలేదు గదా!

ఆ నేలలో దొరకిన నీరును మనుష్యునకు మేలు చేసినది కాదు. నల్లఱాతి పొరలలోని ఫ్లోరైడు నీట కరగి, నల్లగొండ జిల్లా పశ్చిమ దక్షిణ గ్రామములలో తరతరముల యెముకలను వంచినది. త్రాగునీటియందు లీటరున కొకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని చెప్పు పదార్థము ఇచ్చటి బావులలో అనేక రెట్లుండెను. ఫ్లోరైడును పటిక, సున్నముతో తొలగించు పద్ధతిని నాగపూరునందలి జాతీయ పరిశోధనాలయము రూపొందించి, దానికి 'నల్లగొండ పద్ధతి' యని పేరుపెట్టినది. లోకమంతటను వైద్యులు, యంత్రజ్ఞులు ఈ పేరు నెఱుంగుదురు. ఒక జిల్లా తన పంటచేతగాని, తన శిల్పముచేతగాని కాక, తన దుఃఖముచేత ప్రపంచశాస్త్రమున పేరుగాంచుట మన కెంతమాత్రమును గర్వకారణము కాదు. మిషన్ భగీరథ పథకము నదీజలమును గొట్టముల ద్వారా ఇండ్లకు పంపుటచే ఈ యాపద చాలవఱకు తగ్గినది. ఆ పథకపు స్మారకస్తంభమును ఈ ఉమ్మడి జిల్లాయందలి చౌటుప్పలుననే నెలకొల్పుట సముచితమే. కాని వంగిన యెముక మఱల తిన్నబడదు. ఆలస్యమునకు వెల ఏమియని యడుగువారు ఆ గ్రామములకు పోయి చూడవలయును.

మెట్టభూములకు నీరిచ్చు యత్నములు జరుగలేదని మేము చెప్పుట లేదు. పుట్టంగండియొద్ద సాగరజలమునెత్తి అక్కంపల్లి జలాశయమునకు చేర్చు పథకము అలిమినేటి మాధవరెడ్డి పేర సాగుచున్నది. దానివలన కొన్ని చెఱువులు నిండినవి, కొన్ని చేలు పచ్చబడినవి. ఆ జలాశయమునుండియే కోదండాపురమున శుద్ధి చేయబడి నీరు హైదరాబాదు నగరమునకును పోవుచున్నది. నగరము త్రాగకూడదని యెవ్వరు ననరు. దప్పికకు పట్టణము, పల్లె యను భేదము లేదు. కాని నగరమునకు వంద కిలోమీటర్లకు పైబడి నీటిని మోయించుకొనిపోగలిగిన బుద్ధియు, ధనమును, ప్రక్కనే యున్న చెలకకు పది కిలోమీటర్లు మోయించుటలో నేల తడబడవలయునో మాకు తోచుట లేదు.

శ్రీశైలమునుండి కొండ తొలిచి నీటిని వాలునబడి నల్లగొండకు తెచ్చుటకు నలుబదినాలుగు కిలోమీటర్ల సొరంగము 2007లో మొదలిడిరి. మూడు లక్షల ఎకరములకు పైబడి ఎత్తిపోతల ఖర్చు లేక నీరీయగల యా పని పూర్తియగుట కెన్నియో గడువులు పెట్టబడి, అన్నియు గడచిపోయినవి. 2025 ఫిబ్రవరి 22వ తేదీన ఆ సొరంగపు పైకప్పు కూలగా ఎనమండుగురు పనివారు లోపల చిక్కుకొనిరి. ఒక్కరును ప్రాణములతో బయటికి రాలేదు. ఆ యెనమండుగురును ఇతర రాష్ట్రములనుండి పొట్టకూటికై వచ్చినవారు. తన యూరిలో పని లేక మన యూరికి నీరు తేవచ్చి మన కొండలో మడిసిన వానికి మన మచ్చియున్న ఋణము ధనముతో తీఱునది కాదు. ఆ పనిని జాగ్రత్తతో, నేల స్వభావము నెఱిగి, పూర్తి చేయుటయే ఆ ఋణమును కొంత తీర్చును.

ఇక 2021వ సంవత్సరపు సంగతి. నాగార్జునసాగరము శాసనసభాస్థానమునకు ఉపయెన్నిక వచ్చినది. ఎన్నడును లేనంతగ నాయకుల వాహనములు హాలియా దారుల దుమ్ము రేపినవి. ఫిబ్రవరి 10వ తేదీన ఆనాటి ముఖ్యమంత్రి నెల్లికల్లునొద్ద ఎత్తిపోతల పథకములకు శంకుస్థాపన చేసి, హాలియాలో మహాసభ నడపెను. 2,500 కోట్ల రూపాయల వ్యయముతో ఉమ్మడి జిల్లాలో పదమూడు ఎత్తిపోతలు కట్టుదుమని ప్రకటన వెలువడినది. కాలువ యొడ్డున, నది యొడ్డున నున్న మెట్టలకు ఇది న్యాయమైన కోరిక. దానిని మేము కాదనము. మేమడుగునది యొక్కటే: న్యాయమైన కోరిక నెఱవేఱుటకు ఉపయెన్నిక రావలయునా? సాగర మచ్చట 1967నుండి యున్నది. చెలకయు నచ్చటనే యున్నది. ఇన్ని దశాబ్దములు కనబడని యెత్తుపల్లములు ఓట్ల పెట్టె వచ్చిన దినమున ఎట్లు కనబడినవి? ఏ పక్షమువారి ప్రభుత్వమైనను ఈ ప్రశ్నకు బాధ్యత వహింపవలసినదే. ఎన్నికలలో వచ్చిన వరమునకు ఎన్నికల వేడి చల్లారిన పిదప సంరక్షకు లుండరు. శిలాఫలకము నిలుచును, పని నిద్రించును.

ఇంతవఱకు కట్టవలసిన వానిని గూర్చి చెప్పితిమి. కట్టినవాని గతి యేమి? ఈ భాగమునందే మన ప్రజాజీవితపు పెద్దలోప మున్నదని మా విశ్వాసము. సాగరపు కాలువలను మరమ్మతు చేసి బలపఱచుటకు ప్రపంచబ్యాంకు ఋణసహాయముతో 4,444 కోట్ల రూపాయల పథకము 2010లో ఆరంభమైనది. కాలువలకు సిమెంటు పూత వేసిరి. తూములు, గేట్లు మార్చిరి. అయినను 2022 సెప్టెంబరున నిడమనూరు ప్రాంతమున ఎడమకాలువకు గండి పడి నీరు ఇండ్లమీదను, పొలములమీదను పాఱినది. 2024 సెప్టెంబరు మొదటి దినమున, భారీవర్షములలో, కోదాడ సమీపమున నడిగూడెము మండలము కాగిత రామచంద్రాపురమునొద్ద మఱియొక గండి పడినది. ఆ యేడాది ఆగస్టునందే హైదరాబాదు త్రాగునీటికై పెద్దవూర మండలము సుంకిశాలలో కట్టుచున్న బావి ప్రక్కగోడ సాగరజలపు త్రోపునకు కూలినది. రెండేండ్ల వ్యవధిలో మూడు చోట్ల! వానయే కారణమని కొన్నిటికి చెప్పవచ్చును. కాని వాన వచ్చునని తెలిసియే గదా కాలువ కట్టుదురు.

కాలువ యొక్క గండి ఒక్క రాత్రిలో పడినట్లు కనబడును గాని, అది యేండ్ల తరబడి పడుచుండును. గట్టుమీద తుమ్మచెట్టు మొలచిన దినమున అది మొదలగును. ఎండ్రకాయ బొఱియ చేసిన చోటును చూచి మట్టి కొట్టవలసిన లస్కరు పదవీవిరమణ పొంది, అతని స్థానమున ఎవ్వరును నియమింపబడని దినమున అది పెరుగును. అడుగునున్న తూముగోడ చెమ్మగిల్లుచున్నదని రైతు చెప్పగా వినవలసిన యధికారి లేనపుడు అది నిశ్చయమగును. క్రొత్తకాలువ త్రవ్వినవారికి పేరు వచ్చును. పాతకాలువను కాపాడినవారికి ఏమియు రాదు. అందుచేతనే మన ఆయవ్యయపట్టికలలో నిర్మాణమునకు కోట్లును, సంరక్షణకు మిగిలిన చిల్లరయు కనబడుచున్నవి.

మన పూర్వు లీ విషయమున మనకంటె తెలివైనవారు. చెఱువు త్రవ్వించినవారికిని, దానిని మరమ్మతు చేయువారికిని దశబంధమను మాన్యము నేర్పఱచెడివారు. చెఱువు క్రింద పండినదానిలో కొంతభాగము చెఱువుకట్టకే చెందునని దాని భావము. నీరు పంచుటకు ఊరికొక నీరటికాడుండెను; అతని కూలి పంటయందే యుండెను. కట్ట తెగినచో అతనికి గింజ లేదు. ఇట్టి యేర్పాటులచేత కాకతీయులనాటి చెఱువులు శతాబ్దములు నిలిచినవి. తెలంగాణములో 46 వేల చెఱువులను బాగుచేయ సంకల్పించి 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టునాటికి అవి పూడిపోయి యున్నవన, అందుకు కారణము వానిని కట్టినవారు కాదు. కాపాడుటకైన యేర్పాటును తెంచినవారు. కాలువల పాలనను రైతులకప్పగించుటకై 1997లో నీటి వినియోగదారుల సంఘముల చట్టము వచ్చినది. ఆ చట్టమున దశబంధపు జీవమే కొంత యుండెను. కాని సంఘములకు క్రమముగ ఎన్నికలు జరుపక, నిధు లీయక, వానిని నిర్జీవములు గావించినారు. నేడు గండి పడినపుడు రైతు అధికారిని, అధికారి గుత్తదారుని, గుత్తదారు వానను నిందించుచున్నారు.

కాలువకు దిగువనున్న సోదరులు ఇది ఎగువవారి మొఱయని తలంపరాదు. వారి భాగ్యమును స్థిరమైనది కాదు. 2023లో ఎగువనుండి వరద సరిగ రాక, ఆయకట్టులో అనేక క్షేత్రములు బీడుపడినవి. ఆ నవంబరు ముప్పదవ తేదీన ఆనకట్టమీద రెండు రాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగ నిలుచువఱకు వచ్చినది. సాగరమున పూడికచేత, మొదట 408 టి.ఎం.సి.లుగ నుండిన నిలువశక్తి 312 టి.ఎం.సి.లకు దిగినది. నది పెరుగుట లేదు, జలాశయము తఱుగుచున్నది, కోరువా రధికమగుచున్నారు. ఇట్టి కాలమున మొదటి తూములవారు తమ యవసరమునకు మించి మళ్లించుకొని, షట్టర్లు విఱుగగొట్టి, నీటిని వాగుపాలు చేసినచో చివరిభూములు ఎండుట కేమి యాశ్చర్యము? వారాబందీని ప్రభుత్వము విధించినపుడు గొణుగుకొను భూస్వామి, తన తూముకు దిగువ మఱియొక భూస్వామి యున్నాడని తలంపవలయును.

ఇంకొక విషయము. నీరొక్కటియే సంపద నీయదు. ఇందుకు నిదర్శనము డెల్టాయే. ఆనకట్ట పూర్తియైన పిదప అచ్చటి కాలువలు పైరుకు నీటినిచ్చుటయే గాక పడవలను నడపినవి. బెజవాడనుండి మదరాసువఱకు సరకులు జలమార్గమున పోయినవి. 1889లో హైదరాబాదునుండి రైలు బెజవాడకు చేఱినది. పంటపై వచ్చిన మిగులు బడులకు, కళాశాలలకు, అచ్చుయంత్రములకు, సహకారసంఘములకు పోయినది. 1923లో డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్య మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించెను. తన ప్రాంతపు ధనము తన ప్రాంతపు వ్యాపారమున తిరుగవలయునను తలంపు దానికి మూలము. ఆ పేరు 2020లో యూనియన్ బ్యాంకున లీనమైపోయినను, అది చేసిన పని మిగిలియున్నది. 1952లో పాత ఆనకట్ట తెగినపుడు, అయిదేండ్లలో, అనగా 1957 నాటికి, క్రొత్త బ్యారేజి నిలిచినది. ఏల? అచ్చట మాట చెల్లించుకొనగల ప్రజ, పత్రికలు, సంస్థలు ఉండెను. నీరు పంటనిచ్చినది, పంట సంస్థలనిచ్చినది, సంస్థలు మఱల నీటిని కాపాడినవి.

ఈ చక్రము హాలియా ప్రాంతమున పూర్తిగ తిరుగుట లేదు. ఇచ్చటి వడ్లు ముప్పది కిలోమీటర్లకు పైగా పోయి మిర్యాలగూడ మిల్లులయొద్ద వరుస కట్టవలసియున్నది. కోత లన్నియు నొక్కమాఱు వచ్చినపుడు టోకెన్ల పంపకము, రాత్రులు ట్రాక్టరు క్రింద నిద్ర, తడిసిన గింజకు తగ్గిన ధర అందఱెఱిగినవే. రైతు ఆ దినము అమ్మక నిలువచేయుటకు తగిన గిడ్డంగి చేరువనున్నచో బేరములో నతనికి నోరుండును. గిడ్డంగి రసీదుపై అప్పు దొరకినచో దళారి పట్టు సడలును. మెట్టలో పండు బత్తాయి సంగతియు నిట్టిదే. నల్లగొండ బత్తాయికి దూరదేశములందును గిరాకి కలదు; కాని కాయ తోటలోనుండగనే బేరగాడు ధర నిర్ణయించును. రసము తీయు యంత్రము, చలువగిడ్డంగి, కాయను పరిమాణమును బట్టి వేఱుచేయు శాల, ఇవి పెద్ద ఆనకట్టలు కావు. ఒక పురపాలకసంఘము, ఒక సహకారసంఘము, కొందఱు పట్టణవ్యాపారులు కలిసి చేయదగిన పనులే.

దారుల సంగతియు నంతియే. పూర్వము గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకు పోవు బాట ఈ సీమల మీదుగనే పోయెడిది. 1889నాటి రైలు కాజీపేట, ఖమ్మముల త్రోవను పట్టుటచే సూర్యాపేట, కోదాడ ప్రక్కకు బడినవి. నేటికిని ఈ రెండు పట్టణములకు రైలు లేదు. 2016లో జిల్లాకేంద్రమైన సూర్యాపేటకును లేదు. 1980ల చివర బీబీనగరము-నడికుడి మార్గము తెఱవబడినపుడు నల్లగొండ, మిర్యాలగూడలు బాగుపడినవి; బియ్యము, సిమెంటు వ్యాగనుల కెక్కినవి. రైలు చేసిన మేలునకు ఇంతకంటె సాక్ష్యము వలయునా? మాచర్ల-నల్లగొండ రైలుమార్గమను మాట దశాబ్దములుగ వినబడుచున్నది. అది నిజమైననాడు సాగరపు యాత్రికులకును, హాలియా వడ్లకును, దక్షిణపు రేవులకును సంబంధ మేర్పడును. 2022లో సాగరమున తెఱచిన బుద్ధవనము నాగార్జునకొండ కీర్తిని లోకమునకు చాటుటకు మంచి యత్నమే. కాని యాత్రికుడు వచ్చి, చూచి, ఆ దినమే నగరమునకు మఱలిపోయినచో ఆ సీమకు మిగులునది వాహనపు ధూళియే.

"మెట్టకు నీరెత్తుట మిక్కిలి ఖర్చుతో గూడిన పని, విద్యుత్తు బిల్లుకు పంట చాలదు" అని కొందఱు ఆక్షేపింతురు. ఈ యాక్షేపణ త్రోసిపుచ్చదగినది కాదు. ఎత్తిన నీటితో చెలకలో గూడ వరియే వేసినచో లెక్క కుదురదు. అంతటి నీరు కృష్ణలోను లేదు. మెట్టకెత్తు నీరు బత్తాయికి, కందికి, కూరగాయలకు, పశుగ్రాసమునకు ఆరుతడిగ, బిందువు బిందువుగ పాఱవలయును. కుంటలు నింపి భూగర్భజలమును పెంపవలయును. వరికి పట్టు నీటితో అంతకు చాలరెట్లు భూమిని ఆరుతడి పంటలకు తడుపవచ్చునని సేద్యశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఖర్చు లెక్కించువారు మఱియొక లెక్కనుగూడ వేయవలయును: వలసపోయిన కుటుంబపు పిల్లవాని చదువు నిలిచిపోయిన నష్ట మెంత? నగరపు మురికివాడలో వానికి గూడు కల్పించుటకు వ్యయ మెంత? ఎండిన మూడు బోర్ల అప్పు ఎంత? ఇవి ప్రభుత్వపు పద్దులలో కనబడవు గాని, సంసారముల పద్దులలో నున్నవి.

కావున మా సూచన యిది. క్రొత్త శిలాఫలకమునకు ముందు పాతపనులు ముగియవలయును. మొదలుపెట్టిన యెత్తిపోత లన్నిటికిని, ఏది యెంతవఱకు వచ్చినదో, ఎప్పటికి ముగియునో తెలుపు పట్టికను ప్రతి పంటకాలమునకు ముందు మండలకార్యాలయపు గోడకు అంటింపవలయును. కాలువలకు వ్యయించు ప్రతి వంద రూపాయలలో పది రూపాయలు సంరక్షణకే యని దశబంధమును మఱల శాసనము చేయవలయును. లస్కర్ల నియామకము జరుగవలయును. నీటి సంఘములకు ఎన్నికలు పెట్టి, వానికి నిధియు, జవాబుదారీతనమును ఈయవలయును. కాలువకు దిగువనున్నవారును, ఎగువనున్నవారును ఒకే సంఘమున కూర్చుండు నేర్పా టుండవలయును; అప్పుడు గాని ఒకరి నీరు మఱియొకరి కన్నీరని తెలియదు. హాలియాలో గిడ్డంగులు, బత్తాయిశాల, పనితనము నేర్పు విద్యాలయము లేవవలయును.

ఇందులో సగము ప్రభుత్వముచేతనే యగునది. మిగిలిన సగము మన చదువరుల చేతిలోనే యున్నది. భూవసతి గలవారు నీటిని మితముగ వాడుటయందును, పట్టణవర్తకులు తమ లాభములో కొంత తమ యూరియందే పెట్టుబడి పెట్టుటయందును ముందడుగు వేసినచో, ప్రభుత్వమును నిలదీయుటకు వారికి నైతికబల మేర్పడును. తన తూముషట్టరును తానే విఱుగగొట్టినవాడు గండిని గూర్చి సభలో మాటలాడజాలడు.

పండితనెహ్రూ సాగరమునకు పునాది వేసినపుడు దానిని దేవాలయముగ భావించెను. దేవాలయము కట్టుట ఒక పుణ్యము. నిత్యదీపము వెలిగించుట మఱియొక పుణ్యము. గర్భగుడివఱకు అందఱను రానిచ్చుట అన్నిటికంటె గొప్ప పుణ్యము. ఏడు దశాబ్దముల క్రిందట మొదటి పుణ్యము జరిగినది. రెండవది సగము సగముగ జరుగుచున్నది. గుట్టయెక్కి సాగరమును చూచి, క్రిందికి దిగి బిందెతో బోరుకడకు పోవు తండా యాడపడుచు మూడవదానికొఱకు వేచియున్నది. ఆమె యోర్పు మన గౌరవమునకు మించినది. దానిని ఇంకను పరీక్షింపరాదు.